ఏ వాసనా లేని ఇల్లు

ఆదోనిలో కృష్ణవేణమ్మ ఇల్లు చూసి వీధి వీధంతా కళ్ళలో నిప్పులు పోసుకునేది. ఆవిడ మాత్రం ఎమ్మిగనూరులో వియ్యపురాలు వనజమ్మ ఉంటున్న మూడు గదుల సున్నపు గోడల ఇంటిని తలుచుకుని కుళ్ళిపోయేది. కారణం మనవరాలు. నాలుగేళ్ల ప్రజ్ఞకు ఆదోనిలో ఉన్నన్నాళ్ళూ దగ్గు, పిల్లికూతలు. ఎమ్మిగనూరు పోయిందంటే మూడో రోజుకల్లా హాయిగా ఊపిరి తీస్తుంది.

"మీ అత్తగారు బిడ్డకు ఏం మందు పెడ్తాందో ఏమో," అని కొడుకు సుధన్వ దగ్గర సణిగేది. అతను విననట్టే బండి తీసేవాడు.

ఈసారి కోడలు పాపతో పుట్టింటి నుంచి తిరిగొచ్చేలోగా, కృష్ణవేణమ్మ ఎమ్మిగనూరు మీద పంతంతో తన ఇంటి పని మీద పడింది. గోడలకు నిగనిగలాడే పెయింటు వేయించింది. దుమ్ము రాకూడదని కిటికీలు మూసి మందపాటి పరదాలు కట్టించింది. పొద్దున ఫినాయిలు, మధ్యాహ్నం నిమ్మవాసన స్ప్రే, సాయంత్రం గదిగదికీ సాంబ్రాణి పొగ. గాలిని కడుగుతుందని ఎవరో చెబితే నీలం దీపం మిషను కూడా తెప్పించింది. ఇంత చేశాక ఇంక ఆ వనజమ్మ ఏం చూసుకుని మురుస్తుందో చూద్దామనుకుంది. పాప వచ్చిన రెండో రోజే ఊపిరందక గిలగిల్లాడితే ఆస్పత్రికి ఎత్తుకుపోయారు.

ఇంట్లో ఏమేం వాడతారని డాక్టరు అడిగాడు. కృష్ణవేణమ్మ ఒక్కటీ వదలకుండా గొప్పగా అప్పజెప్పింది.

"అదేనమ్మా చిక్కు," అన్నాడాయన. "మీరు చల్లినవి, పొగేసినవి యాడికీ పోవు. గోడలు, పరదాలు, పరుపులు పీల్చుకుని దినాలకొద్దీ మళ్ళా వదులుతాంటాయి. ఆ మిషను గాలీ, నిమ్మవాసనా కలిస్తే ఇంకో ఘాటు పుడ్తాది. మనకు తెలియకపోయినా పిల్ల ఛాతీకి తెలుస్తాది. అన్నీ ఆపి, కిటికీలు తెరిచిపెట్టండి. కొన్నాళ్ళు పాపను ఆ ఇంట్లో ఉంచొద్దు."

కోడలు సుప్రీత ఆస్పత్రి నుంచి నేరుగా పాపను పుట్టింటికే తీసుకుపోయింది. కృష్ణవేణమ్మకు డాక్టరు మీద కోపం రాలేదు, కోడలి మీదా రాలేదు. వనజమ్మ మీద వచ్చింది. ఇంటి కోసం వేలు కదపని మనిషి గెలిచిందే అని రెండు రోజులు అన్నం సయించలేదు.

వారం తిరక్కుండానే ఎమ్మిగనూరు బస్సెక్కింది. పైకి పాపను చూడటానికి, లోపల ఆ ఇంట్లో ఏదో ఒక తప్పు పట్టడానికి. గుమ్మంలో అడుగు పెడుతూనే ముక్కు ఎగబీల్చింది. ఏ వాసనా లేదు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గోడకు ఆనుకుంటే భుజానికి సున్నం అంటుకుంది.

"ఫినాయిలు కూడా ఎయ్యరా వదినా?"

"మాకెందుకు వదినా, నీళ్ళతో తుడిస్తే పోతాది. రండి, కూర్చోండి," అంది వనజమ్మ.

అంతలో ప్రజ్ఞ పరుగెత్తుకొచ్చి నానమ్మ కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. మరుక్షణమే దగ్గు అందుకుంది. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన చీర అది. పాప వెనక్కి పోయి వనజమ్మ మోకాళ్ళ చాటున నిలబడింది.

"అజ్జీ, నీ చీర గుచ్చుతాంది," అంది నానమ్మతో.

కృష్ణవేణమ్మకు తల కొట్టేసినట్టయింది. చాచిన చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. వనజమ్మ పెరట్లోకి పోయి, తీగ మీద ఎండిన తన పాత నూలుచీర తెచ్చి ఇచ్చింది. తన చేత్తో తడిపి ఆరేసుకోని బట్ట ఏనాడూ కట్టని మనిషి కృష్ణవేణమ్మ. పైగా వనజమ్మ చీర. పాప వంక చూసింది. చీర తీసుకుని స్నానాల గదిలోకి నడిచింది.

తల మీదుగా నీళ్ళు పోసుకుని, ఆ చీర కట్టుకుని వచ్చాక పాప దగ్గలేదు. చంకెక్కి భుజం మీద తల వాల్చింది. మధ్యాహ్నపు ఎండలో వీధి సద్దుమణిగింది. కృష్ణవేణమ్మ పాప వీపు నిమురుతూ గదిలో అటూ ఇటూ తిరిగింది.

నిద్రలోకి జారుతూ పాప చీర కొంగును ముక్కుకు ఆనించుకుంది.

"వనజజ్జీ," అని గొణిగింది.

నేను వనజను కానే అని కృష్ణవేణమ్మకు నోటిదాకా వచ్చింది. భుజం మీద చిన్న ఊపిరి ఏ కూతా లేకుండా వచ్చిపోతోంది.

"ఊఁ. పడుకోమ్మా," అంది, వనజమ్మలాగే మెల్లగా.