పిడికెడు గింజల ముంత

పోలీసు పటేలు చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చి ముందు చాప మీద కూర్చున్నాడు. పాలకుర్తి పక్కన ఆ మాదిగవాడలో తాటికమ్మల ప్రార్థన గుడి లేచినప్పటి నుంచి దొర మనిషి ఎవడూ అందులో కాలు పెట్టలేదు. ఆ గుడి నడిపే ఉపదేశి పోశాలు పాట మధ్యలోనే ఆపేశాడు.

బాప్తిస్మంలో పౌలు అని పెట్టినా వాడ నోటికి అతను పోశాలే. మనిషి మంచివాడే, పిడికెడు బియ్యం దగ్గరే మహా మొండి. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ప్రతి ఇల్లాలూ దేవుడి పేర ఒక పిడికెడు ముంతలో వేయాలి, ఆదివారం గుడి గంపలో కుమ్మరించాలి. బియ్యమని పేరే గాని అన్నీ జొన్నలే. తేనివాళ్ల పేర్లు చివర పైకి పిలవడం అతని ఆనవాయితీ. సిగ్గుపడైనా తెస్తారని.

పోయిన ఆదివారం కొమురవ్వ పేరు పిలిచాడు. గోడవతల పటేలు జీతగాడు విన్నాడు. అప్పుడే కూలి గింజలు దక్కిన ఇంట్లో ముంత ఎందుకు ఖాళీ అయిందని పటేలుకు అనుమానం తగిలింది. గుట్టల్లో దొరల మీద తిరగబడ్డ ఆంధ్ర మహాసభ సంఘం దళం ఉంది మరి, గింజలు వాళ్లకే చేరాయనుకున్నాడు. మర్నాడే నిజాం రజాకార్లు కొమురవ్వ మొగుడు కట్టయ్యను గుంజుకుపోయారు. ఇంతవరకు జాడ లేదు.

"ఆకలైనోనికి పెడితే దేవునికి పెట్టినట్టేనని నువ్వే జెప్తివి గద అయ్యా. మల్ల నా పేరెందుకు పిలిస్తివి?" అని నిన్న కొమురవ్వ అడిగింది.  ఆ పాపం తనదేనని పోశాలు రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఆరాధన ముగిసింది. కొన్ని ముంతలు గంప దాకా వచ్చాయి, కొన్ని రాలేదు. వెనక ఆడవాళ్లు తలలు ఎత్తలేదు. ఉపదేశి ఇంటి ముంత అందరికన్నా చివర కుమ్మరించడం పద్ధతి గనుక, అతని భార్య బుచ్చవ్వ నిండు ముంత ఒళ్లో పెట్టుకుని, వట్టి చేతులతో వచ్చిన కొమురవ్వ పక్కన కూర్చుంది.

"ఇగ పిలువు పోశాలూ," అని నవ్వాడు పటేలు మీసం దువ్వుతూ. "ఎవలెవలు తేలేదో నేను గూడ ఇంటా. బయట రజాకార్లు ఎదురుసూస్తున్రు."

పోశాలు గంప వైపు చూశాడు, కొమురవ్వ వైపు చూశాడు. 

"తేని ఇల్లు ఒక్కటే పటేలా. పోశాలు ఇల్లు."

"కడమ పేర్లు?"

"ఇగ నా నోటెంట రావు."

పటేలు నవ్వు ఆగింది. లేచి గుమ్మం వైపు తిరిగి చెయ్యి ఊపాడు. బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. వెనక బుచ్చవ్వ నిండు ముంతను కొంగు చాటున మెల్లగా కొమురవ్వ ఒళ్లోకి జరిపింది.