ఇద్దరు పట్టే పడవ

లైఫ్ జాకెట్‌ని పిండకూడదు. పిండితే లోపలి స్పాంజి ముక్కలవుతుంది. బక్కెట్లో మంచినీళ్ళు పోసి, నాలుగుసార్లు ముంచి తీసి, భుజాల దగ్గర పట్టుకుని నీడలో వేలాడదీయాలి. ఈ సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ పని నాదే. రిజర్వాయర్ నుంచి రాగానే ఆయన స్నానం చేసి ఫ్యాన్ కింద వాలిపోయి, ఆ రోజు పట్టిన చేప ఫోటో ఎవరెవరికి పంపాలో చూసుకుంటారు. నేను జాకెట్లు, తెడ్లు, గాలాల పెట్టె, ఐసు పెట్టె కడిగి, తర్వాత సింకు దగ్గర నిలబడి చేప పొలుసులు గీకుతాను. ఎంత తోముకున్నా ఒక పొలుసు మోచేతికి అంటుకుని సోమవారం నాతో పాటు ల్యాబ్‌కి వస్తుంది. "ఏంటి మేడమ్, తళతళా మెరిసిపోతున్నారు!" అంటాడు మా మేనేజరు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, అదీ నా ఉద్యోగంలో భాగమే కాబట్టి.

నిజానికి ఈ పడవల పిచ్చి నాది. రెండేళ్ళ క్రితం ల్యాబ్ వాళ్ళందరం కలిసి రిజర్వాయర్‌కి వెళ్ళాం. ఇద్దరిద్దరు చొప్పున కయాక్‌లు, అంటే తెడ్డు వేసుకునే సన్నటి పడవలు ఎక్కేశారు. బ్యాగులు చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. పడవలు అద్దెకిచ్చే పెద్దాయన జాలిపడి, "బ్యాగులు నేను చూస్తాలేమ్మా, ఒక సీటుది ఖాళీగా ఉంది, ఎక్కు" అని చేతికి తెడ్డు, ఒక గాలం ఇచ్చాడు. గంటసేపు తిరిగాను. అరచేయంత చేప పడితే మళ్ళీ నీళ్ళలో వదిలేశాను. నాకు గుర్తుండిపోయింది చేప కాదు. ఆ గంటలో నన్నెవరూ పిలవలేదు. టవల్ ఎక్కడ, బీపీ మాత్రలు ఎక్కడ, రిపోర్టులు ఎక్కడ అని ఎవరూ అడగలేదు. పెళ్ళయిన పదహారేళ్ళలో అలాంటి గంట అదొక్కటే. ఒడ్డుకొచ్చాక ఏడుపొచ్చింది, ఎండకి కళ్ళు మండుతున్నాయని చెప్పాను.

ఆ తర్వాత ఆరు నెలలు పప్పు ఉడికేలోపు, బస్సులో నిలబడి, కయాక్‌ల గురించే చదివాను. వెడల్పుగా ఉన్నది నిలకడగా ఉంటుంది గానీ మెల్లగా వెళ్తుంది. పొడుగుది జోరుగా వెళ్తుంది గానీ త్వరగా తిరగదు. చేపలకైతే పైన కూర్చునే రకం మేలు, బోల్తా పడినా నీళ్ళు నిండవు. ఎంత బరువు మోస్తుందని రాసి ఉంటే అందులో మూడింట రెండు వంతులే నమ్మాలి. అన్నిటికంటే ముఖ్యం, బండి దగ్గర్నుంచి నీళ్ళదాకా నువ్వు ఒక్కదానివే మోసుకెళ్ళగలగాలి. ఇంకొకరు సాయం పట్టాల్సిన పడవ నీది కాదు. ఆ ముక్క ఎవరో ముసలావిడ రాసింది. పదిసార్లు చదువుకున్నాను.

ఆయనతో చెప్పినప్పుడు టీవీ మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "ఒక్కదానివే నీళ్ళ మీదకెళ్ళి ఏం చేస్తావు? నేను లేననుకుంటారు జనం." మర్నాడు ఆయనే షాపుకి బయల్దేరారు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ షాపతను ఆయన మొహం చూసి జవాబు చెప్పాడు. నేను వేలు పెట్టి చూపించిన ఒక సీటుదాన్ని ఇద్దరూ చూడనే లేదు. గంటలో రెండు సీట్ల పడవ కారెక్కింది. "నీ కోసమే కొన్నాను, ఇద్దరం కలిసి వెళ్దాం" అన్నారు. మా అత్తయ్య బుగ్గన వేలేసుకుంది. "ఈ రోజుల్లో పెళ్ళాన్ని షికారుకి తిప్పే మగాడెవడే? పెట్టి పుట్టావు."

పెట్టి పుట్టడమంటే ఏమిటో మొదటి ఆదివారమే తెలిసింది. గాలాలు నిలబెట్టే గొట్టాలు వెనక సీటు పక్కన ఉన్నాయి. కాబట్టి వెనక ఆయన. గాలం వేసి కూర్చున్న మనిషి తెడ్డు పట్టలేడు. కాబట్టి గాలికి పడవ కొట్టుకుపోకుండా ముందు కూర్చుని తెడ్డు వేసేది నేను. వీపు వెనక నుంచి ఆ గొంతు. "కుడికి. కుడికంటే కుడికే! అంత చప్పుడు చేస్తే చేపలుంటాయా? మెల్లగా ఏడువు." నాలుగు గంటలు ఏకధాటిగా. ఫోటోలో చేప ఉంటుంది, ఆయన ఉంటారు, ఒక మూల సగం తెగిన నా భుజం ఉంటుంది. మీ ఆవిడ కూడా చేపలు పడుతుందా అని స్నేహితులెవరో అడిగితే, "తనకంత ఓపిక లేదు" అన్నారు. రోజుకి డెబ్భై స్లైడ్లు మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కొక్క కణం లెక్కపెట్టే దానికి ఓపిక లేదు! ల్యాబ్‌లోనూ ఇంతే. కొత్త యంత్రం వస్తే మాన్యువల్ మూడొందల పేజీలు చదివి అందరికీ నేర్పింది నేను. శిక్షణకి వెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చుకుంది మొన్న చేరిన అబ్బాయి. రెండు చోట్లకీ తేడా ఏమిటంటే, అక్కడ నెల తిరిగేసరికి జీతం ఇస్తారు.

మూడు వారాల క్రితం పెద్ద చేప పడింది. ఆయన ఉత్సాహం పట్టలేక లేచి నిలబడ్డారు.

"లేవకండి, బోల్తా కొడుతుంది."

"నువ్వు నాకు చెప్పేదానివా?"

ఆ మాట పూర్తి కాకుండానే ఇద్దరం నీళ్ళలో ఉన్నాం. బోల్తా పడితే మళ్ళీ ఎలా ఎక్కాలో ముందే కావాలని పడి నేర్చుకోవాలని చదివాను. మోకాలి లోతు నీళ్ళలో, నడుం లోతు నీళ్ళలో చాలాసార్లు చేసి చూశాను. "గేదెలా ఆ పొర్లాట ఏంటి?" అని ఆయన ఒడ్డున కూర్చుని నవ్వేవారు. ఇప్పుడా పొర్లాటే పనికొచ్చింది. అవతలి అంచు పట్టుకుని పడవని తిప్పాను, కాళ్ళు కొట్టి, పొట్ట మీద పాకి ఎక్కాను. ఆయన పక్కనే మునిగి తేలుతున్నారు. బిగుతుగా ఉందని జాకెట్ జిప్పు పెట్టుకోలేదు, అది మెడ పైకి జారిపోయి ఊపిరాడనివ్వడం లేదు. భుజం మీది పట్టీ పట్టుకుని లాగి పడవ మీద వేశాను. బోర్లా పడి నీళ్ళు కక్కుకున్నారు. ఒడ్డుదాకా నేను తెడ్డు వేశాను. దారంతా ఆయన దగ్గుతూనే ఉన్నారు.

వారం తిరిగేసరికి మాటలొచ్చాయి. మా ఆడపడుచు ఇంట్లో భోజనాల దగ్గర కథ మొదలుపెట్టారు. "తను గజగజ వణికిపోతోంది. జుట్టు పట్టుకుని ఒక్క ఊపున పైకి లాగాను!" మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. "అన్నయ్య లేకపోతే ఏమైపోయేదానివి వదినా!" ఆయన నా వైపు చూసి, "నిజమా కాదా చెప్పు" అన్నారు. "కూర ఇంకొంచెం వెయ్యనా?" అన్నాను. అబద్ధం ఆడిన ఆయన మీద కంటే గరిటె పట్టుకుని నిలబడ్డ నా మీద ఎక్కువ అసహ్యం వేసింది.

కారులో వస్తూ తీర్పు చెప్పారు. "ఇక నువ్వు రావద్దులే, భయపడ్డావు. ఆ రెండు సీట్లది ఇచ్చేసి నాకొకటి తీసుకుంటాను. ఎలాగూ చదువుతుంటావు కదా, నా బరువుకి ఏది ఆగుతుందో చూడు." వీపు వెనక ఆయన అరుస్తున్నా సరే, నా ముందు నీళ్ళుండేవి. ఇప్పుడు అవి కూడా ఉండవు. బక్కెట్టు, సింకు మాత్రం మిగులుతాయి.

నిన్న సగం రోజు సెలవు పెట్టి షాపుకి వెళ్ళాను.

"సార్ రాలేదా మేడమ్?"

"లేదు."

"సార్ బరువెంత ఉంటారు?"

నాలుక చివరిదాకా వచ్చిన అంకె ఆగిపోయింది. "యాభై ఎనిమిది" అన్నాను.

"సార్ అంత సన్నగా ఉంటారా?"

"అది నా బరువు."

రెండు చూపించాడు. మొదటిది వెడల్పుది, నిలకడైనది. భుజానికెత్తుకున్నాను, తలుపు దాటేసరికి దించేయాల్సి వచ్చింది. రెండోది సన్నది. దాన్నెత్తుకుని షాపు బయటికి వచ్చి, వీధి చివరిదాకా నడిచి, తిరిగి వచ్చాను. సాయం పట్టబోయిన అతన్ని వద్దన్నాను. "ఇది కొంచెం ఊగుతుంది మేడమ్, చూసుకోండి" అన్నాడు. "ఊగనీ, అలవాటు చేసుకుంటాను" అన్నాను. ఎన్నేళ్ళకో ఒక మగాడు నా మొహం చూసి జవాబు చెప్పాడు.

ఈ రోజు పొద్దున వసారాలో కొత్త పడవ చుట్టూ ఆయన రెండుసార్లు తిరిగారు. అత్తయ్య కుర్చీలోంచి చూస్తోంది.

"ఇది నన్నెక్కడ మోస్తుంది? తెలివుందా నీకు?"

"మొయ్యదు. నా కోసం తెచ్చుకున్నాను."

ఆయన నవ్వారు. "మళ్ళీ బోల్తా పడితే? నిన్నెవరు లాగుతారు?"

"అదే కదా" అంది అత్తయ్య.

"మొన్న మిమ్మల్ని లాగింది నేను" అన్నాను. అత్తయ్య కొడుకు వైపు చూసింది. ఆయన పడవ వైపు తిరిగారు. అక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ నోరు ఆగలేదు.

"వెంటనే లాగలేదు. పట్టీ చేతిలో పట్టుకుని, మీరు మునిగి తేలుతుంటే చూస్తూ, కాసేపు ఊరికే ఉన్నాను. ఆ కాసేపూ నాకు హాయిగానే ఉంది. అలాంటి హాయి ఇంకోసారి వద్దనే, ఒకటే సీటున్నది కొనుక్కున్నాను."