నాలుగు వేళ్ల దూరం

హనోకు చెయ్యి వణకడం నిజామాబాద్‌లో ఎవరూ చూడలేదు. స్టేషన్ రోడ్డులో పన్నెండేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. పెళ్లయినా, బాప్తిస్మమైనా అతను తీస్తే కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అలాంటి మనిషికి సాలెపురుగంటే మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి. తెర వెనకాల ఒకటి కనబడితే చాలు, భార్య రూతమ్మ వచ్చి తీసేదాకా లోపల అడుగు పెట్టేవాడు కాదు.

1971 వానాకాలంలో రుద్రూర్ చెరుకు పరిశోధన కేంద్రం నుంచి ఆత్మారాం అనే ఆఫీసరు వచ్చాడు.

"రైతులు మందు కొట్టి, చెరుకుకు మేలు చేసే సాలెపురుగులను గూడ సంపుతున్నరు. వాటి మొఖాలు పెద్దగ కనవడేటట్టు ఫోటోలు కావాలె. దీపావళి అయినంక బోధన్‌ల రైతుల సభ ఉన్నది, ఆడ పెడ్తం."

కాదనడానికి హనోకుకు నామోషీ అయింది. పని తెలియనిది కాదు. లెన్సును వెనక్కి తిప్పి కెమెరాకు బిగిస్తే చీమ కూడా గొర్రెపోతులా కనిపిస్తుంది. కాకపోతే కెమెరా పురుగుకు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి.

రుద్రూర్ చెరుకు తోటలో మొదటిరోజు అతను మోకాళ్ల మీద కూర్చుని కెమెరాలో కన్ను పెట్టాడు. నూగు కాళ్లు కంటి నిండా కదిలాయి. ఆ రోజు వాడిన రీలంతా మసకే. రెండోసారి రూతమ్మ కూడా వచ్చింది. నీడ పడకుండా తెల్ల బట్ట పట్టుకుని నిలబడిందల్లా, అతని చొక్కా చెమటతో తడిసిపోవడం చూసి చెయ్యి చాపింది.

"ఇటియ్యి జర."

ఆమె చెరుకు కొట్టే కూలీల ఇంట్లో పుట్టిన మనిషి. స్టూడియోలో రీళ్లు కడిగి కడిగి కెమెరా సంగతంతా నేర్చుకుంది. ఆకు మీదికి వంగి, ఊపిరి బిగబట్టి నొక్కింది.

చీకటి గదిలో కాగితం మీద ఆ బొమ్మ తేలుతుంటే హనోకు తొట్టి మీదికి వంగాడు. ముందు రెండు పెద్ద కళ్లు, పక్కన చిన్నవి, బుగ్గల మీద తెల్లని నూగు. ఎవరో తలుపు తీసి, ఏం పని మీద వచ్చావని అడుగుతున్నట్టుంది. ఇన్నేళ్లలో తాను ఇలాంటిది ఒక్కటీ తీయలేదు. ఆ మాట ఇంకెవరూ చెప్పనక్కర్లేకుండా అతనికే తెలిసింది.

ఆత్మారాం ఆ ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశాడు. "ఎవరు తీసిండ్రు?"

"మాదే సార్," అన్నాడు హనోకు.

వెనకాల తొట్టిలో ఫోటోలు కడుగుతున్న రూతమ్మ తలెత్తలేదు. ఆఫీసరు వెళ్లాక మాత్రం అడిగింది.

"నా భార్య తీసిందంటే నీకేమన్న తక్కువైతదా?"

"స్టూడియో నాది."

"నీదే, కాదన్ననా?"

తర్వాతి వారం నుంచి ఆమె ఒక్కతే బస్సెక్కి తోటకు పోవడం మొదలుపెట్టింది. ఆమె తీస్తుంటే ఆత్మారాం కళ్లారా చూశాడు. ఆపైన స్టూడియోకు వస్తే, "రూతమ్మ లేదా?" అని అడిగేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా హనోకు ముఖం తిప్పుకునేవాడు. పెళ్లివాళ్ల ఫోటో తీస్తూ కూడా ఇప్పుడామె ఏ ఆకు కింద వంగి ఉందో అనుకునేవాడు.

ఒకనాడు పక్క దుకాణం కొమురయ్య చేత హార్లిక్స్ సీసాలో సాలెపురుగును పట్టించి, మూతకు బెజ్జాలు కొట్టించి బల్ల మీద పెట్టుకున్నాడు. దాని మీద ప్రేమ పుట్టి కాదు. ఆమెకు లేని భయం తనకుండటం ఓర్వలేక. మొదటిరోజు గది ఆ మూల నుంచి చూశాడు. రోజుకింత కుర్చీ జరిపాడు. అది ముందుకాళ్లతో మొఖం తుడుచుకోవడం, దూది మీది నీళ్లు తాగడం చూశాడు. పదకొండో రోజు మూత తీసి అరచెయ్యి పెట్టాడు. అది ఎక్కి, బొటనవేలి దాకా నడిచి, ఆగింది. హనోకు ఒళ్లంతా జలదరించింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

రూతమ్మ గడపలో నిలబడి చూసింది. "నాతోటి పోటీకేనా గిదంతా?"

"అవు," అన్నాడు. అబద్ధమాడే ఓపిక లేదు.

మర్నాడు పొద్దున్నే తోటకు పోయి, మంచుబొట్టు పక్కన కూర్చున్న సాలెపురుగును నాలుగు వేళ్ల దూరం నుంచి తీశాడు. గీత గీసినట్టు వచ్చింది. దాన్ని ఆమె ఫోటో పక్కన పెట్టుకుని చూశాడు. ఆమెదే బాగుంది.

బోధన్ సభలో పన్నెండు ఫోటోలు కట్టారు. ఎవరు తీశారో కింద రాయమని ఆత్మారాం అట్టలిచ్చాడు. కలం పట్టుకుని హనోకు చాలాసేపు కూర్చున్నాడు. చివరికి పదకొండింటి మీద రూతమ్మ పేరు రాశాడు. రాస్తున్నంతసేపూ పళ్లు బిగించుకునే ఉన్నాడు. రైతులు ఆ పెద్ద కళ్ల ఫోటో ముందే గుమిగూడారు. అతని ఫోటో దగ్గర రూతమ్మ ఒక్కతే ఆగింది.

"మంచుబొట్టుల చెరుకంత తలకిందులు కనవడుతున్నది. నాకు గిది సూడ రాలే," అంది.

ఆ మాటతో మనసు చల్లబడుతుందనుకున్నాడు. కొంచెమే చల్లబడింది. తిరుగు బస్సులో అరిగిన సీటు మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఊరు దాటాక అడిగాడు.

"నొక్కేటప్పుడు ఊపిరెట్ల పడ్తవ్?"

పన్నెండేళ్లలో అతను ఆమెను ఏదైనా నేర్పమనడం అదే మొదలు. రూతమ్మ అతని ముఖంలోకి ఒకసారి చూసి, సగం ఊపిరి ఎలా వదలాలో చెప్పసాగింది. అసూయ అసూయగానే ఉంది. అయినా ఒక్క మాట పోకుండా విన్నాడు.