మంచం కింది నాలుగు ఇటుకలు

గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. చేతిలో ఉన్నవి పది నిమిషాలు.

గంగజల వంటింటి తలుపు ఓరగా వేసి, సందులోంచి వాకిట్లోకి చూసింది. పొయ్యి మీద పెద్ద బగోనలో మటన్ కుతకుత ఉడుకుతోంది. దాని చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో భర్త భూమేశ్, అతని బావ, ఈ ఇంటి అల్లుడు శ్రీశైలం, ఇద్దరు దోస్తులు. బహ్రెయిన్ కబుర్లు జోరు మీదున్నాయి. అత్త ఎల్లవ్వ గడప దగ్గర ఎల్లిగడ్డ పొట్టు తీస్తోంది. ఎవరి చూపూ ఇటు లేదు.

ఇదే అదను. గిన్నె మూత చప్పుడు కాకుండా తీసింది. రెండు గరిటెల అన్నం, కారం లేని పప్పు. నిలబడే తినాలి. కూర్చుంటే ఎవరైనా పిలిచినప్పుడు లేవడం ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే ఎందుకని అడుగుతారు. తన ఇంట్లో, తను వండిన అన్నాన్ని, హాస్టల్లో ఉండి పదో తరగతి చదివే కూతురున్న తను దొంగలా తింటోంది. దొంగకైనా ఇంతకంటే తీరిక ఉంటుందేమో!

ఏడాదిన్నర కిందట జగిత్యాలలో డాక్టరమ్మ నోట్లోంచి గొట్టం వేసి పరీక్ష చేసింది. అప్పటికి ఆరు నెలలుగా ఛాతీలో మంట. పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్ని, ఊపిరాడక దగ్గుతూ లేచి కూర్చునేది. డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది. "పొట్టకూ ఛాతీకీ నడుమ ఒక పొర ఉంటుందమ్మా. అన్నం దిగే గొట్టం దాంట్లోని కంతలోంచే పోతుంది. నీకు ఆ కంత వదులై, పొట్ట పైభాగం ఛాతీలోకి జరుగుతోంది. హయటస్ హెర్నియా అంటారు. భయమేం లేదు గానీ పద్ధతి తప్పొద్దు. కొంచెం కొంచెం తిను. పడుకునే మూడు గంటల ముందే తినెయ్. వంగి పని చెయ్యొద్దు, బరువులెత్తొద్దు. మంచానికి తల వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకో."

ఆస్పత్రి మెట్ల మీద నిలబడే బహ్రెయిన్‌లో ఉన్న భూమేశ్‌కు ఫోన్ చేసింది.

"హెర్నియానా? అది మొగోళ్ళకు గదనే వచ్చేది! నీకెట్లొచ్చె?"

"ఇది కడుపుల పైన వచ్చేదట."

"పైనో కిందో, ఎవ్వలకు చెప్పకు. ఈడ రూముల ఎరికైతే నన్ను ఆడిపిస్తరు. గ్యాస్ అని చెప్పు."

అంతే. జగిత్యాలలో పేరు పెట్టుకుని బస్సెక్కిన జబ్బు కోరుట్లలో దిగేసరికి గ్యాస్ అయిపోయింది. గ్యాస్ ఎవరికి లేదు? గ్యాస్ ఉన్న మనిషిని చూసి జాలిపడేదెవరు?

అయినా ఆమె జబ్బుకు లొంగలేదు. ఎదురింటి వాళ్ళు గోడ కట్టగా మిగిలిన ఇటుకలు నాలుగు అడిగి తెచ్చి, మంచం తల వైపు కోళ్ళ కింద రెండేసి పెట్టింది. పదిహేనేళ్ళుగా ఒళ్ళో చాట పెట్టుకుని, నడుం వంచి బీడీలు చుట్టిన మనిషి, పాత టేబుల్ ఒకటి గోడకు జరిపి, చాట దాని మీద పెట్టి, కుర్చీలో నిటారుగా కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది. పక్కింటి సల్మా కిటికీలోంచి చూసి పగలబడి నవ్వింది. "ఏం గంగక్కా, కలెక్టర్ అయినవా? ఇగ సంతకాలు పెట్టుడే తక్వ!" ఆరున్నరకు అన్నం, తొమ్మిదిన్నరకు పడక. మూడు నెలల్లో నిద్ర తిరిగొచ్చింది. కంటి నిండా, తెల్లవారే దాకా, ఎవరూ తట్టి లేపని నిద్ర. ఎల్లవ్వ మాత్రం ఎనిమిదిన్నరకు తిని, గ్లాసు నీళ్ళలో చిటికెడు తినే సోడా కలుపుకుని తాగి, పెద్ద తేన్పు తేన్చి పడుకునేది. గంగజల కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ సోడా డబ్బా ముందు గది గూట్లోనే ఉంది.

తర్వాత నలభై ఐదు రోజుల ఛుట్టీ మీద భూమేశ్ దిగాడు.

మొదటి రోజే మంచం చూసి, "ఏందే ఇది, గుట్టెక్కినట్టుంది? పండుకుంటే జారి కాళ్ళ దిక్కు పోతున్న" అని ఇటుకలు తీసి వాకిట్లో పడేశాడు. రెండో రోజు అతను తెచ్చిన పెద్ద టీవీకి జాగా కావలసి వచ్చింది. టేబుల్ దాని కిందికి పోయింది, చాట మళ్ళీ ఆమె ఒళ్ళోకి వచ్చింది. మూడో రోజు నుంచి దావత్‌లు. ఆడబిడ్డ వాళ్ళు, మేనమామలు, బహ్రెయిన్ దోస్తుల ఇళ్ళవాళ్ళు. అందరూ తిని చేతులు కడిగేసరికి పది. అప్పుడు తను తినాలి, గిన్నెలు తోమాలి, వెంటనే పడుకోవాలి. పడుకుంటే మంట. ఇరవై రెండు రోజులుగా గోడకు వీపు ఆనించి, కూర్చుని నిద్రపోతోంది. పక్కన భూమేశ్ గురక. "నిద్ర పట్టకపోతే ఫోన్ చూసుకో" అన్నాడొకసారి, మనసు మంచిది కాబట్టి.

ఈరోజు సాయంత్రం పొయ్యి వెలిగించడానికి వెళ్ళినప్పుడు చూసింది. బగోన మోస్తున్నవి తన ఇటుకలే. అటు రెండు, ఇటు రెండు. అప్పటి నుంచీ కాలు ఒక చోట నిలవడం లేదు.

రెండు ముద్దలు దిగాయి. మూడోది నోట్లో ఉండగానే, "గంగా! నిమ్మకాయలేవి?" అని వాకిట్లోంచి భూమేశ్ కేక. గబగబా నమిలింది. తలుపు తెరుచుకుంది.

ఎల్లవ్వ. చేతిలో ఎల్లిగడ్డల పళ్ళెం. చూపు కంచం మీద.

"ఏందే పిల్లా, మొగోళ్ళు తినకముందే ఎంగిలి చేసినవా? అంత ఆకలేందే? ఇంటికచ్చిన అల్లుడు కూసున్నడు బయట."

సరిగా నమలని ముద్ద అలాగే జారింది. సగంలో ఆగిపోయింది. ఛాతీ నడుమ ఎవరో పిడికిలి బిగించినట్టు. వెంటనే పుల్లటి నీళ్ళు ఎగదన్నాయి. గంగజల గోడ పట్టుకుని దగ్గింది. కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు. దగ్గు ఆగడం లేదు.

"ఏమైందిరా?" శ్రీశైలం గొంతు.

"ఏం గాదు బావా, దానికి గ్యాస్." భూమేశ్ నవ్వు వినిపించింది. "గట్లనే చేస్తది. ఇంత సోడా తాగితే సర్దుకుంటది."

దోస్తులూ నవ్వారు.

దగ్గు ఆగింది. గంగజల కొంగుతో ముఖం తుడుచుకుంది. గడియారం చూసింది. ఆరూ ముప్పై రెండు. ఇంకా మూడు ముద్దలు తినాలి. కంచం చేతిలోకి తీసుకుంది. గోడకు ఆనించి ఉన్న కుర్చీ ఇంకో చేత్తో పట్టుకుంది. అత్తను తప్పించుకుని, గడప దాటి వాకిట్లోకి నడిచింది. కుర్చీ పొయ్యికి ఎదురుగా వేసుకుని, నిటారుగా కూర్చుని, ముద్ద కలిపింది.



భూమేశ్ నవ్వబోయి మానేశాడు. "ఏందే ఇది? అందరం తిన్నంక తినరాదు?"

"మీరు తిన్నంక నేను తింటే, రాత్రి మీరు పండుకుంటరు, నేను కూసుంట. ఇరవై రెండు దినాల సంది కూసుంటనే ఉన్న." ముద్ద నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. "నాకున్నది గ్యాస్ గాదన్నా." ఆ మాట శ్రీశైలంతో. "హెర్నియా."

"హెర్నియానా?" శ్రీశైలం కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆడోళ్ళకు గూడ వస్తదా?"

"వస్తది. కడుపు జరిగి ఈడికి వస్తది." ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించింది. "మీ బామ్మర్ది ఎవ్వలకు చెప్పద్దన్నడు. ఇజ్జత్ పోతదట."

భూమేశ్ చూపు నేల మీదికి దిగింది. దోస్తుల్లో ఒకడు ఫోన్ తీసి చూడటం మొదలుపెట్టాడు.

చివరి ముద్ద తిని, గంగజల లేచింది. బగోన మూత తీసి ముక్క ఒత్తి చూసింది. "ఉడికింది. బగోన దించు. నేను బరువులెత్తద్దు."

"దించుతం తియ్. ఇప్పుడే ఏం తొందర?"

"ఆ ఇటుకలు నాయి."

భూమేశ్ బావ వైపు చూశాడు. శ్రీశైలం గొంతు సవరించుకుని, తనే లేచి బగోనకు ఒక పక్క పట్టాడు. రెండో పక్క పట్టక భూమేశ్‌కు తప్పలేదు. గంగజల కట్టెలు పక్కకు లాగి, చెంబుతో నీళ్ళు చల్లింది. ఇటుకలు చుయ్యిమని పొగ కక్కాయి. చల్లారే దాకా అక్కడే నిలబడింది. "నిమ్మకాయలు ఫ్రిజ్ల ఉన్నయి, తీసుకో" అని భూమేశ్‌తో చెప్పి, రెండు ఇటుకలు తీసుకుని లోపలికి నడిచింది. రెండేసి చొప్పున మోస్తే బరువు లేదు.

ముందు గదిలో నులక మంచం ఖాళీగా ఉంది. ఇక తన పడక ఇక్కడే. తల వైపు ఒక కోడు కింద రెండు ఇటుకలూ పెట్టి, మిగిలిన రెండింటి కోసం వెనక్కి తిరిగింది.

గుమ్మంలో ఎల్లవ్వ. నల్లగా మసిబారిన ఆ రెండు ఇటుకలూ ఆమె చేతుల్లో ఉన్నాయి.

తిట్టడానికే వచ్చిందనుకుంది గంగజల. ఎల్లవ్వ వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఓ పిల్లా... ఆ పుల్లటి నీళ్ళు, పండుకున్నప్పుడే వస్తయా నీకు? కూసుంటే తగ్గుతదా?"

"అవునత్తా. ఎందుకు?"

ఎల్లవ్వ చూపు గూట్లోని సోడా డబ్బా మీదికి పోయింది.

"నాకు భూమేశ్ పుట్టినప్పటి సంది" అంది. "ఆ డాక్టరమ్మ ఇంక జగిత్యాల్లనే కూసుంటదా?"

గంగజల ఆమె చేతుల్లోంచి ఇటుకలు అందుకుంది. రేపు ఎదురింటి వాళ్ళను ఇంకో నాలుగు అడగాలి.