తరుగు పోను నలభై ఒకటి

ఏడేళ్ల కిందట ఇంజినీరింగ్ కాలేజీలో చేరేనాటికి ఆసిమ్ దగ్గరున్న సరుకు ఇంతే: ఫిలాసఫీలో ఎం.ఏ., నాలుగో కిక్కుకి గానీ పలకని స్కూటరు, పూర్ణా మార్కెట్ ఉల్లిపాయల కొట్టులో తండ్రి గఫూర్ పక్కన కూర్చుని సంపాదించిన ఒక కన్ను. బస్తా కాటా ఎక్కకముందే అందులో ఉల్లి ఎంత, మట్టి ఎంత అని ఆ కన్ను చెప్పేసేది. ఎం.ఏ. వల్ల ఉద్యోగం వచ్చింది. కన్ను వల్ల ఏమీ రాలేదు. కాలేజీలో దాన్ని మూసి ఉంచడమే మేలని తొందరగానే తెలిసింది.

గాజువాక దాటాక ఉన్న ఆ కాలేజీలో అతను చెప్పేది నీతిశాస్త్రం, సామాజిక న్యాయం, సమాజ సేవ. మెకానికల్ పిల్లలకు అది భోజనం తర్వాత పీరియడు. న్యాయం గురించి అతను ఎంత గట్టిగా చెబితే వాళ్లకు అంత హాయిగా నిద్ర పట్టేది. ఏటా కాంట్రాక్టు పొడిగించుకుంటూ ఏడేళ్లు నెట్టుకొచ్చాడు. ఈ ఏడాది ప్రిన్సిపాల్ కామరాజు పిలిచి బేరం ఒక్క మాటలో తేల్చేశాడు.

“మాస్టారూ, పర్మనెంట్ పోస్టు ఒకటుంది. అరవై మంది పిల్లలు, తలకి ముప్పై గంటల సేవ. పద్దెనిమిది వందల గంటలన్నమాట. సేవ పొందినోళ్ల సంతకంతో ఫైలు నెలాఖరు సోమవారానికి నా టేబుల్ మీదుండాల. ఉంటే పోస్టు మీది. లేదంటే యోగా మాస్టారు కాసుకుని కూకున్నారు.”

సంతకం అనగానే ఆసిమ్ లోలోపల నవ్వుకున్నాడు. వన్ టౌన్‌లో అతను పుట్టిన సందు ఉంది. ఆ సందుకి పెద్దదిక్కు రసూల్ బీ. అమ్మకి అక్క, తనకి ఖాలా. మార్కెట్లో నలభై ఏళ్లు ఉల్లిపాయలు అమ్మి, మోకాళ్లు మొరాయించాక ఇంటి అరుగెక్కింది. ఖాలా సంతకమంటే జేబులో ఉన్నట్టే.

నాలుగు శనివారాలు కాలేజీ బస్సు వచ్చింది. పిల్లలు బ్యానరు కట్టారు, సర్వే చేశారు, ఫొటోలు దిగారు. పరిశుభ్రత మీద ఆసిమ్ ప్రసంగించాడు. ఆఖరి శనివారం కాగితం పట్టుకుని అరుగు దగ్గరికి వెళ్లాడు. పిల్లలందరూ వెనకే నిలబడ్డారు.

“ఖాలా, ఇక్కడొక సంతకం.”

రసూల్ బీ ఇంట్లోవాళ్లతో ఉర్దూయే మాట్లాడుతుంది. తెలుగు బేరానికి మాత్రమే. కళ్లజోడు పెట్టుకుని కాగితం చూసి ఆమె తెలుగు అందుకునేసరికి ఇది బేరమేనని ఆసిమ్‌కి అర్థమైంది.

“పద్దెనిమిది వందలా? గోనెతో కలిపి తూసేసేవేట్రా?”

“అంటే?”

“మార్కెట్లో పుట్టినోడివి, అంటే అంటావేటి? తరుగు తియ్యవా?”

బస్తా తూచాక గోనెకింత, మట్టికింత, కుళ్లుకింత అని తీసేసి, మిగిలినదానికే ఖరీదు కట్టడం మార్కెట్ పద్ధతి. ఆ తీసేసేదే తరుగు. తరుగు తియ్యకుండా కొన్నవాణ్ణి చూసి మార్కెట్ ఏడాదిపాటు నవ్వుతుంది.

“బస్సులో రాడం, పోడం. అది గోనె. తీసీ.” రసూల్ బీ వేలు మడిచింది. “ఫొటోలు. మా సీపుర్లే అడుక్కుని, పట్టుకుని నవ్వి, మూడు ఇరగ్గొట్టి మరీ పోనారు. అది మట్టి. తీసీ. సర్వే ఒకటి. మీకు మరుగుదొడ్డి ఉందా అని మూడేళ్ల నుంచి అడగతన్నారు. ఉంది బాబూ! మాకంటే అడగడానికొచ్చినోళ్లే ఎక్కువ వాడతన్నారు. అదీ మట్టే.”

“నా ప్రసంగం?” అడక్కూడదని తెలిసే అడిగాడు ఆసిమ్.

“అది కుళ్లు. రోజూ పొద్దున్నే సందంతా కడుక్కునే ఆడోళ్లకి సుబ్రం గురించి సెప్పేవు. సిగ్గేసింది నాకు.”

వెనక ఎవడో ఈల వేశాడు. ఏడేళ్లలో మొదటిసారి ఆసిమ్ క్లాసులో ఒక్కరూ నిద్రపోవడం లేదు.

“మరేటి మిగిలింది ఖాలా?”

ఆమె సందు మొదట్లో ఉన్న కాలవ వైపు చెయ్యి చూపించింది. కాలవ మీద పలక విరిగి రెండేళ్లయింది. పక్కింటి మహాలక్ష్మమ్మ అందులో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఇప్పుడక్కడ కొత్త ఇనప జాలీ ఉంది. ఆటోనగర్‌లో తన తండ్రి లేతు షాపులో మధులత అనే విద్యార్థిని దాన్ని వెల్డింగ్ చేసి, ఆరుగురు స్నేహితులతో ఒక ఆదివారం తెచ్చి బిగించింది. బ్యానరు కట్టలేదు, ఫొటో దిగలేదు, సారుకి చెప్పనూ లేదు. అందుకే అది ఫైలెక్కలేదు.

“ఏడుగురు, ఆరేసి గంటలు. నలభై రెండు. అందరి టీలూ కలిపి ఒక గంట తరుగు. నలభై ఒకటి.” పద్దెనిమిది వందలు కొట్టేసి ఆ అంకె వేసి సంతకం పెట్టింది.

“మరి నావి?”

“నీవేటున్నాయి? నాలుగు శనివారాలూ గొడుగు పట్టుకు నిలబడ్డావు.”

సోమవారం కామరాజు ఆ కాగితాన్ని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. “ఇదేటి మాస్టారూ! అంత మార్కెట్లో ఒక్క ముసిలమ్మ సంతకం దొరకదేటండీ? ఇదిగో కొత్త కాగితం. సాయంత్రం దాకా టైమిస్తన్నాను.”

ఆసిమ్ నాలుగు కిక్కులు కొట్టి మార్కెట్‌కి వెళ్లాడు. కూరలమ్మే గంగాలమ్మ చదవకుండానే “ఎక్కడెట్టాల బాబూ?” అని పెన్ను అందుకుంది.

ఆ క్షణాన తాను చెప్పే నాలుగో పాఠం, తప్పుడు సాక్ష్యం గురించినది, అతనికి గుర్తొచ్చిందంటే బాగానే ఉంటుంది. గుర్తు రాలేదు. ఎదురుగా తండ్రి కొట్టు, దాని ముందు బస్తాలు కనిపించాయి. ఏడేళ్లుగా మూసి ఉంచిన కన్ను తెరుచుకుంది. పద్దెనిమిది వందల్లో ఎంత మట్టో తనకి తెలుసు, ఖాలాకి తెలుసు, ఈల వేసినవాడికి తెలుసు. పైగా సంగతి బయటపడితే ఖాలా కర్ర పట్టుకుని కాలేజీకే వస్తుంది. నీతి ఒక పళ్లెంలో, ఖాలా నోరు ఒక పళ్లెంలో పెట్టి తూస్తే ముల్లు ఎటు మొగ్గిందో అతనెవరికీ చెప్పలేదు. గంగాలమ్మ చేతిలోంచి కాగితం లాక్కున్నాడు.

“పెన్ను కూడా ఇచ్చీమంటావా?” అందామె.

సాయంత్రం నలభై ఒకటే టేబుల్ మీద పెట్టాడు. పోస్టు యోగా మాస్టారికి పోయింది. భోజనం తర్వాత పీరియడుకి మరెవరూ ఒప్పుకోలేదు గనక ఆసిమ్ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. గంటలు సున్నా అయిన యాభై ముగ్గురు పిల్లలు అతనికి తరుగు సారని పేరు పెట్టి, తిట్టుకుంటూ మళ్లీ సందుకి వచ్చారు. ఈసారి పారలు తెచ్చుకున్నారు.

ఆసిమ్ కూడా ప్యాంటు మడిచి కాలవలోకి దిగాడు. సరిగ్గా గంటకి నడుము పట్టేసింది. అరుగు మీంచి రసూల్ బీ చాలు, ఇక పైకి రమ్మని ఉర్దూలో కేకేసింది: “బస్ బేటా, ఊపర్ ఆజా.”

ఉర్దూ వినగానే బేరం ముగిసిందని అతనికి తెలిసింది. ఖాలా సుద్దముక్క తీసుకుని అరుగు పక్క గోడ మీద నలభై ఒకటి వేసింది. పక్కన ఇంకొకటి వేసి, “ఇది కొసరు,” అంది.

ఏడేళ్ల నీతిశాస్త్రంలో ఆసిమ్ పేరు మీద మిగిలింది ఆ ఒక్క గంట. అందులో గోనె లేదు, కుళ్లు లేదు. మట్టి మాత్రం మోకాళ్ల దాకా ఉంది.