తాడు ఎవరు పట్టాలి

సన్యాసమ్మ తన కొడుకు కోదండం సంచీ సర్దుతోంది. రెండు లుంగీలు, ఒక తువ్వాలు, స్వెట్టరు, దారికి అటుకుల పొట్లం. సాయంత్రం హౌరాలో బండి. మురుగు పనుల కంట్రాక్టరు హల్దార్ మనిషి పొద్దున్నే టికెట్టు ఇచ్చి, కోదండాన్ని రెండు నెలలు పలాస పోయి ఉండమన్నాడు. ఆలోగా సలీం చావు మీద విచారణ ముగిసిపోతుంది. చూసినవాడు కోదండం ఒక్కడే.

సలీం ముర్షిదాబాద్ వాడు. హల్దార్ తక్కువ కూలికి తెచ్చిన ఆరుగురిలో ఒకడు. వాట్‌గంజ్‌లో మ్యాన్‌హోల్లోకి దిగి పైకి రాలేదు.

కోదండం వాళ్లుండే తెలుగు పాకీవాళ్ల లైనులో, ఆ వరస ఇళ్లలో, తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. దిగేవాడి నడుముకు కట్టిన తాడును వాడి సొంతవాడే పట్టాలి. అన్న దిగితే తమ్ముడు, మామ దిగితే అల్లుడు. అయినవాడైతే వదలడని నమ్మకం. మరి సలీంకు ఇక్కడ అయినవాళ్లెవరు? తాడు కొసను పక్కనున్న ఇనప ఊచకు కట్టుకుని దిగాడు.

హల్దార్ మాత్రం సలీం తాగి దిగాడని కాగితం రాయించాడు. అతని భార్య రోకేయాను ఇవాళ చీకటి పడేలోగా అదే లైనులోని గది ఖాళీ చెయ్యమన్నాడు. లైనులో ఎవరూ నోరెత్తలేదు. ఏడాదిగా కుళాయి దగ్గర ఆమెను అందరికంటే చివర నిలబెట్టిన లైను అది.

కోదండం సంచీ అందుకోలేదు. కుళాయి దగ్గరికి వెళ్లి అందరినీ కేకేశాడు.

"ఏటిరా, బండికెల్లకుండా ఈ గోలేటి?" అన్నాడు పెద్దాయన గురువులు.

"తాడు కదిలింది మావా. పైకి తియ్యమని మూడుసార్లు లాగినాడు. పదడుగుల్లో ఉన్నాను. నాను పట్నేదు."

"వోడు మనోడు కాదు గదరా! మన కూలికి ఎసరెట్టడానికొచ్చినోడు."

"మన తాతలొచ్చినప్పుడు ఇక్కడోళ్లు ఇదే అన్లేదా? మద్రాసీలొచ్చి మా కూడు తినేస్తన్నారని?"

చీపురు ఆనించుకుని నిలబడ్డ లలితకుమారి నవ్వింది. "గురువులు మావా, నీ తాడట్టుకుని నీ అల్లుడు పోన్లో మాటాడతాడు గదా. నాను సూణ్ణేదేటి? బానే ఉంది మీ సొంతం!"

కొందరు నవ్వారు. గురువులు నవ్వలేదు.

రోకేయా గుమ్మంలోకి వచ్చింది. కోదండంతో బెంగాలీలో నెమ్మదిగా అంది. "ఇంట్లో కూడా అడిగేవాడు అన్నా, నా తాడు ఎవరు పడతారని. నేనొచ్చి పడతానంటే నవ్వేవాడు."

ఆ మాటతో లైనంతా తలదించుకుంది. గురువులు అరుగు మీద కూలబడ్డాడు. "ఇంక ఎవుడి తాడైనా ఎవుడైనా పడతాడు. ఆ కట్టు పోయింది. ఆ పిల్ల గది ఖాళీ సెయ్యదు" అన్నాడు.

సన్యాసమ్మ రోకేయా బిందె తెచ్చి కుళాయి కింద మొదట పెట్టింది. నీళ్లు నిండుతుండగానే కొడుకు వైపు తిరిగింది.

"ఇంకా టైముంది. ఎల్లిపోరా బాబూ."

"నానెల్తే ఎవులు సెప్తారే అమ్మా?"

కొడుకు పోకూడదని సన్యాసమ్మకు తెలుసు. పోతే బాగుండుననీ ఉంది.

మర్నాడు ఒక్క చెత్తబండీ కదల్లేదు. ముర్షిదాబాద్ వాళ్లు ఐదుగురూ వచ్చారు. పక్క గల్లీ బీహారీలు వచ్చారు. హల్దార్ ఆఫీసు గేటుకు అడ్డంగా ఒక పొడుగు తాడు పరిచి, దాన్ని అందరూ పట్టుకు కూర్చున్నారు. గురువులు పక్కన రోకేయా కూర్చుంది. మాస్కులూ యంత్రాలూ లేనిదే ఎవరూ దిగేది లేదని తెలుగులో, బెంగాలీలో, హిందీలో అరిచారు. తను చూసింది కోదండం గేటు ముందు నిలబడి చెప్పాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి విన్నారు.

మధ్యాహ్నం పోలీసు వ్యాను వచ్చింది. కోదండంతో సహా పదకొండు మందిని ఎక్కించారు. సన్యాసమ్మ వ్యాను వెనక పరుగెత్తి మలుపు దగ్గర పడిపోయింది. రోకేయా లేవదీసి, "మాసీ, పద, కూర్చుందాం" అని మళ్లీ తాడు దగ్గరికి తీసుకొచ్చింది.

సోమవారం పదిమందిని వదిలారు. మంగళవారం కోదండానికి గుండె ఆగిందని పోలీసు స్టేషను నుంచి కబురొచ్చింది. ఆ రోజు గేటు ముందు కూర్చున్నవాళ్లు రెండింతలయ్యారు. ఈసారి ఊరి అవతలి న్యూ టౌన్ పాకీవాళ్లూ వచ్చారు.

సలీం 2025 ఫిబ్రవరి మూడు, సోమవారం పనికి వెళ్లి తిరిగి రాలేదు. కోదండం ఫిబ్రవరి ఎనిమిది, శనివారం వ్యాను ఎక్కి తిరిగి రాలేదు.