చుక్క కూడా పడలేదు

నేను ఒక కీబోర్డును. నా మీటల్లో రెండింటి మీద అచ్చు పూర్తిగా అరిగిపోయింది. అరిగింది అచ్చే, నేను కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే మొన్న నేను పోయానని ఒక ఇంట్లో తేల్చేశారు.

సామర్లకోట స్టేషన్ రోడ్డులోని నెట్ సెంటర్లో పదకొండేళ్లు పనిచేశాను. హాల్ టికెట్లు, రేషన్ కార్డు దరఖాస్తులు, ఫలితాల రోజున వణికే వేళ్లు, అన్నీ మోశాను. ఎవరు తప్పు నెంబరు కొట్టినా దెబ్బ నాకే పడేది. ఆ సెంటరు మూతపడ్డాక, ఇంట్లో టైపింగ్ పని చేద్దామని జలజ అనే ఆవిడ నన్నూ కంప్యూటరునూ కలిపి కొనుక్కుంది. పక్కవీధి బడి హెడ్మాస్టరు మొదటి పని ఇచ్చారు: అయిదో తరగతి పరీక్ష పేపరు. శుక్రవారం నాలుగింటికల్లా ప్రింటు అందితే మిగతా తరగతులవీ ఆమెకే. లేదంటే ఎప్పటిలా బజారు షాపుకే.

కంప్యూటరు నెమ్మదిగా ఉందని ఆమె మరిది ఫణి అందులో పాత సిస్టమ్ తీసేసి లినక్స్ అనే వేరేది ఎక్కించి హైదరాబాదు వెళ్లిపోయాడు. శుక్రవారం మధ్యాహ్నానికి పేపరు టైపయింది. ప్రింటరు మాత్రం కదలలేదు. జలజ ఫోన్ చేసింది.

"టెర్మినల్ అని నల్లగా ఒకటి తెరుచుకుంటుంది వదినా. ప్రింటరు కోసం మీ ఫోనుకు పంపిన లైను అందులో కొట్టండి. పాస్‌వర్డ్ అడుగుతుంది, అదీ కొట్టేసి ఎంటర్ నొక్కండి. అంతే," అని మీటింగులోకి వెళ్లిపోయాడు.

లైను కొట్టింది, పడింది. పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద అక్షరం లేదు, చుక్క కూడా లేదు. గట్టిగా కొట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది.

"ఏవండీ, కీబోర్డు పోయింది."

అంతకు నిమిషం ముందు అంత పొడుగు లైను మోసింది నేనే. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె భర్త ప్రకాశం బజారుకెళ్లి కొత్తది తెచ్చాడు. నన్ను పాత పేపర్ల సంచిలో కుక్కి గుమ్మం దగ్గర పెట్టాడు.

కొత్తది మెరిసింది. ఆ నల్లదాన్ని మూసి మళ్లీ తెరిచారు. లైను పడింది. పాస్‌వర్డ్ దగ్గర చుక్క కూడా లేదు.

"ఇదీ పోయిందా? ఏ ముహూర్తాన కొన్నానో," అన్నాడు ప్రకాశం.

జలజ కాసేపు తెర వంక చూసింది. "రెండూ సరిగ్గా ఒకేచోట ఎలా పోతాయండీ? కనబడకపోయినా లోపల పడుతోందేమో. ఆ పాతది ఇటివ్వండి."

నన్ను తగిలించి, మొదటి నుంచి మళ్లీ లైను కొట్టింది. కనబడని చోట ఎనిమిది అక్షరాలు, చూసుకోకుండా, తొణక్కుండా కొట్టి ఎంటర్ నొక్కింది. తెర నిండా వరసలు పరుగెత్తాయి. ప్రింటరు గుర్రుమంది. నాలుగింటికి పది నిమిషాలుండగా ప్రకాశం కాగితాలతో బయలుదేరాడు.

సాయంత్రం ఫణి ఫోన్ చేశాడు. "అయ్యో, అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ కనబడదు వదినా, లోపల పడుతుంది. అందరికీ తెలిసిందేగా."

"ఆ అందరిలో నేను లేనుగా ఫణీ. ఈసారి అదీ కలిపి చెప్పు."

ఇప్పుడు ఆరో తరగతి పేపరు నడుస్తోంది. కొత్త కీబోర్డు అట్టపెట్టెలో, అటక మీద ఉంది. ఆ ఎనిమిది అక్షరాలు ఏమిటో తెర చూపించలేదు, ప్రకాశానికి తెలియదు. నాకు తెలుసు.

చెప్పను.